ప్రార్థన కాగితంలో మా కులం

మార్కాపురం చుట్టుపక్కల రెండు రకాల గుట్టలు కనిపిస్తాయి. పడమటి దిక్కున నల్లమల. ఊళ్ల అంచున మనుషులు పోసినవి, పలకల గనుల్లో పనికిరాక పారేసిన ముక్కలు. ఈ రెండో రకం గుట్టలు పోసిన చేతుల్లో వడ్డెరలవి కూడా ఉన్నాయి. రాయి కొట్టడం, మట్టి తవ్వడం, బావి దించడం, చెరువుకట్ట పోయడం వాళ్ల కులవృత్తి. ప్రభుత్వ కాగితాల్లో బీసీ-ఏ. దేవుళ్ల దగ్గరికొస్తే ఎల్లమ్మ, పోలేరమ్మ, ఏడుకొండలవాడు. ఈ మధ్య వాళ్ల పేరు ఇంకో కాగితంలోకీ ఎక్కింది. క్రైస్తవ ప్రార్థన బృందాలు కులాల వారీగా తయారుచేసుకునే పట్టికలున్నాయి. ఫలానా కులం, జనాభా ఇంత, మాట్లాడే భాష ఇది, వీళ్లలో విశ్వాసులు దాదాపు లేరు, వీళ్ల రక్షణ కోసం ప్రార్థించండి అని ఉంటుంది వాటిలో.

కింద వాదించుకునే ఇద్దరూ మామా మేనల్లుళ్లు. మామ పలకల గనిలో చేసి, తర్వాత కట్టుబడి మేస్త్రీ అయ్యాడు. అల్లుడు డిగ్రీ చదివి, హైదరాబాదులో బిల్డింగుల పనికి పోయి, అక్కడే బాప్తిస్మం తీసుకుని ఊరికి తిరిగొచ్చాడు. ఇద్దరినీ నేనే కల్పించాను కాబట్టి పేర్లు పెట్టలేదు. మాటలు మాత్రం ఆ కాలనీల అరుగుల మీద వినిపించేవే.

మామ: ఏదీ, ఆ కాగితం ఇట్టా ఇవ్వు. మన కులం పేరు ఇంత లావు అక్షరాలతో వేశారేందిరా? ఎవురు రాశారిది?

అల్లుడు: ఒకరని కాదు మామా. సువార్త ఇంకా అందని జనం ఎక్కడెక్కడ ఉన్నారో లెక్క తీసే సంస్థలున్నాయి. 1974లో స్విట్జర్లాండులో, లోజాన్ అనే ఊళ్లో పెద్ద సభ జరిగింది. రాల్ఫ్ వింటర్ అనే అమెరికా ఆయన అక్కడ ఒక మాట చెప్పాడు. దేశాల లెక్కన చూస్తే సువార్త అంతటికీ చేరినట్టే కనపడుతుంది, కులాలు తెగల లెక్కన చూస్తే చేరనివాళ్లు ఎంతోమంది మిగిలిపోయారు అని. అప్పట్నుంచి కులానికో కాగితం వచ్చింది.

మామ: మనల్ని లెక్కబెట్టడం కొత్తేం కాదులే. మా తాత చెప్పేవాడు. మనలో కొందర్ని దొంగ వడ్డెలని పట్టీలో ఎక్కించి, వేలిముద్రలు వేయించుకుని, రాత్రిపూట హాజరు పిలిచేవాళ్లంట. తెల్లోడి లెక్క అట్టా ఉండేది.

అల్లుడు: క్రిమినల్ ట్రైబ్స్ చట్టం. 1871లో ఉత్తరాదిన మొదలుపెట్టి, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. 1952లో గానీ దేశమంతటా పోలేదు.

మామ: చట్టం సరే, అందులో మీవాళ్ల చెయ్యి సంగతి చెప్పు. స్టువర్టుపురంలో ఎరుకలోళ్లను పెట్టి పెత్తనం ఎవరికిచ్చారు? సాల్వేషన్ ఆర్మీకి. కావలి సెటిల్‌మెంటు నడిపిందెవరు? అమెరికా బాప్టిస్టులు. పొద్దున పాట, రాత్రి హాజరు. ఒకే చేత్తో రెండూ.

అల్లుడు: కాదనను. ఆ సెటిల్‌మెంట్లలో బడికెళ్లి నాలుగక్షరాలు నేర్చుకున్నోళ్లూ ఉన్నారు, అదీ చెప్పు. కానీ మామా, పోలీసోడు పేరు రాసుకుంది మనం ఎటూ పోకుండా చూడ్డానికి. ఇందులో పేరు రాసింది ఎవరికో మనం గుర్తుండాలని. ఎక్కడో సముద్రం అవతల, మన మొహం చూడని ముసలమ్మ పొద్దున్నే లేచి మోకాళ్లూని మన కులం పేరెత్తి ఏడుస్తుంది. ఇక్కడ మనకోసం ఏడ్చినోళ్లెవరు?

మామ: ఎవురూ లేరంటావా? ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పక్కన కత్తి పట్టి నిలబడ్డ వడ్డె ఓబన్న మనోడు కాదా? జనవరి 11న ఆయన జయంతి చేస్తున్నారు కదా.

అల్లుడు: చేస్తున్నారు. దండ వేస్తారు, ఫొటో దిగుతారు, పోతారు. నరసింహారెడ్డిని ఉరి తీసింది 1847లో. దాదాపు నూటఎనభై ఏళ్ల కిందటి మనిషి గురించి మాట్లాడతారుగానీ, రాతిపిండి మింగి దగ్గుతున్న నీ తమ్ముడి సంగతి ఆ మైకులో ఎవరన్నా ఎత్తారా?

మామ: ఎత్తలేదు. మీ కాగితంలో ఉందా మరి? చదువు. రాయి కొట్టుకుని బతుకుతారు, విగ్రహాలకు మొక్కుతారు, ఆ చీకట్లోంచి బయటికి రావాలి. అంతేగా ఉంది. చీకటంటే ఏందో నన్నడుగు చెప్తా. గనిలోంచి దిమ్మ పైకి తీసినాక తడి ఆరకముందే పొర పట్టుకోవాల. ఉలి ఆనించి సుత్తితో రెండు తట్లు తడితే పుస్తకంలో పేజీ లేచినట్టు లేస్తుంది పలక. ఆరిపోతే లేవదు, పగులుద్ది. ఇంతదాకా బాగానే ఉంటది. తర్వాత మిషన్ రంపం మీద అంచులు కోస్తారు చూడు, అక్కడ లేస్తది పిండి. కనురెప్పల మీద, చెవుల్లో, అన్నం మూటలో. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే తువ్వాలు తెల్లబడుద్దిగానీ లోపలికి పోయేది ఆగదు. మీ చిన్నమామ పద్దెనిమిదేళ్లు ఆ రంపం ముందు కూచున్నాడు. టీబీ అన్నారు, ఆర్నెల్లు మందులు మింగించారు. తగ్గలేదు. మళ్లీ ఇంకో ఆర్నెల్లు. చివరికి ఒక డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇది టీబీ కాదయ్యా, పిండి జబ్బు అన్నాడు.

అల్లుడు: సిలికోసిస్.

మామ: ఆ పేరే. మందు లేదంట. మన చిన్నప్పుడు ప్రతి బళ్లో పిల్లల చేతుల్లో మన పలకే. నోటుపుస్తకాలొచ్చి అది పడిపోయింది. ఇప్పుడు గోడలకు, నేలకు అంటించే డిజైను పలకలు, బయటి దేశాలకు ఎగుమతి. నేననేదేందంటే, మీ ముసలమ్మ ఏ నేల మీద మోకాళ్లూని మనకోసం ఏడుస్తుందో, ఆ నేల మీద పరిచింది మన రాయే అయినా కావచ్చు.

అల్లుడు: (నవ్వి) కావచ్చు. అయినా ఏడవడం అబద్ధం కాదుగా.

మామ: అబద్ధమనలేదు. ఆమెకు పిండి సంగతి తెలీదంటన్నా. తెలీకుండా ఏం అడుగుద్ది దేవుణ్ణి?

అల్లుడు: తెలిసినోణ్ణి నేనున్నాగా. చిన్నమామ కోసం మేం వారం వారం ప్రార్థన చేస్తున్నాం.

మామ: చేస్తున్నారు. పోయిన నెల మీ దైవజనుడొకాయన వచ్చి నూనె రాసి తలమీద చెయ్యిపెట్టి, నమ్మితే స్వస్థత అన్నాడు. వాడు నమ్మాడురా. ఇన్‌హేలర్ గూట్లో పెట్టేశాడు. మూడో రోజు రాత్రి ఊపిరాడక, ఆటోలో వేసుకుని పరిగెత్తింది నేను.

అల్లుడు: అది తప్పు. నేను ఆయనతో ఆ రోజే గొడవపడ్డా. మందులు మానమని చెప్పేవాడెవడైనా సరే, నేను ఒప్పుకోను. ప్రార్థన మందుకు పోటీ కాదు.

మామ: మరి దేనికి?

అల్లుడు: మా నాయన సంగతి నీకు తెలుసు. కూలి డబ్బులు చేతికొచ్చిన రోజు అమ్మ పక్కింట్లో దాక్కునేది. ఆమె నీ చెల్లెలు. నువ్వెన్నిసార్లు వచ్చి పంచాయతీ చేశావు? ఆగాడా? నేనూ అదే దారి పట్టినోణ్ణే. మియాపూర్‌లో సైటు మీద ఉన్నప్పుడు రేకుల షెడ్డులో ఆదివారం ప్రార్థన జరిగేది. భోజనం పెడతారని పోయా, అబద్ధమెందుకు. అక్కడ ఒకాయన నా పేరు పెట్టి, నా తాగుడు పేరు పెట్టి, అందరిముందూ ప్రార్థన చేశాడు. తలకాయ తీసేసినట్టయింది. కానీ నా గురించి ఒక మనిషి అంతసేపు కళ్లుమూసుకుని మాట్లాడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. నాలుగేళ్లయింది, చుక్క ముట్టలేదు.

మామ: అది నేను కాదన్నానా? నా చెల్లెలు ఇప్పుడు తన ఇంట్లోనే పడుకుంటుంది. అయ్యప్ప మాలేసుకున్నోళ్లూ మానతారు అనుకో.

అల్లుడు: నలభై ఒక్క రోజులు మామా.

మామ: సరేలే.

ఈ మాటకు మామ దగ్గర జవాబు లేదు. మార్కాపురం వైపు ప్రార్థన కూటాలకు పోయే ఆడవాళ్లను కదిలిస్తే మతం మాట తర్వాత వస్తుంది, ముందొచ్చేది ఇంట్లో మగాడి తాగుడు మాటే. మతమార్పిడి మీద పత్రికల్లో రాసేవాళ్లు విదేశీ డబ్బు గురించి రాసినంతగా దీని గురించి రాయరు.

మామ: తాగుడు మానావు, సంతోషం. అమ్మవారి దగ్గర కోసిన కోడి కూర మీ అత్త ముందు పెడితే పళ్లెం నెట్టేశావు చూడు, అది ఆమె మనసులోంచి ఇంకా పోలేదు.

అల్లుడు: విగ్రహార్పితం తినకూడదని...

మామ: రాయి పగలగొట్టేముందు పసుపు పెట్టి, కుంకుం పెట్టి, కోణ్ణి కోసి అప్పుడు సమ్మెట ఎత్తుతాం. ఎందుకు? లోపల ఏముందో మనకు తెలీదు కాబట్టి. మందు పెట్టినాక ఏ ముక్క ఎటు లేస్తదో తెలీదు కాబట్టి. భయమున్నోడు మొక్కుతాడు. మీరూ మొక్కేది దానికేగా?

అల్లుడు: పౌలు కూడా రాశాడు మామా, తినడం వల్ల ఎదుటివాడి మనసు నొచ్చేట్టుంటే మానుకొమ్మని. నేను తినకపోవడం వల్ల అత్త మనసు నొచ్చుద్దని ఆలోచించలేదు. ఆమెతో నేను మాట్లాడతా. అది పక్కన పెట్టు. నీకు ఒంగోలు క్లౌ దొర సంగతి తెలుసా?

మామ: పేరు విన్నా.

అల్లుడు: జాన్ క్లౌ. అమెరికా బాప్టిస్టు. 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. ఆ ఏడే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన, తోళ్ల బేరం చేసుకునేవాడు, నమ్మాడు. ఊరూరా తిరిగి తన చుట్టాలకు చెప్పింది పేరయ్యే, దొర కాదు. తర్వాత 1876లో పెద్ద కరువు. రెండేళ్లు. అప్పుడు గవర్నమెంటు బకింగ్‌హాం కాలవ తవ్విస్తుంటే, క్లౌ మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకున్నాడు. కుర్రతనంలో అమెరికాలో భూముల సర్వే చేసినోడు కాబట్టి ఆ పని తెలుసు. వేలమంది వచ్చి మట్టి తవ్వి, కూలి తీసుకుని ప్రాణం నిలబెట్టుకున్నారు.

మామ: మట్టి పని. మన పని.

అల్లుడు: మన పనే. ఇక్కడే అసలు సంగతి. పని జరుగుతుంటే బాప్తిస్మం ఇమ్మని జనం అడిగితే ఇవ్వనన్నాడు. కూలి కోసం వచ్చారో దేవుడి కోసం వచ్చారో తేలదని. పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. 1878లో, సాయం డబ్బు ఇక లేదని చెప్పాక కూడా వచ్చారంట. చేతుల బొబ్బలు చూపించి, మేం కష్టం చేసుకునే బతుకుతాం, సాయం అడగటంలేదు అన్నారని ఆయనే రాసుకున్నాడు. అప్పుడు ఇచ్చాడు. జూలై 3న వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మలో, ఒక్కరోజే 2,222 మందికి. మన కంభం చెరువు నింపి, మార్కాపురం పక్కనుంచి పోయే గుండ్లకమ్మే.

మామ: ఆ కాలవ పని మీద మేస్త్రులెవరు?

అల్లుడు: ఆయన బోధకులే.

మామ: అనుకున్నా. పగలు మస్టర్ రాసేవాడే సందె చూసి వాక్యం చెప్తాడు. మేస్త్రీ మాటకు తలాడించని కూలోణ్ణి నువ్వెప్పుడన్నా చూశావా? నేను ముప్పై ఏళ్లు మేస్త్రీగిరీ చేశా, నాకు తెలుసు.

అల్లుడు: ఆయనకూ తెలుసు. తెలిసే పదిహేను నెలలు ఆపాడు.

మామ: ఒప్పుకుంటా. ఆ దొర మంచి మేస్త్రీ. ముందు పని చూపించాడు, చేసిన పనికి కూలి ఇచ్చాడు, దేవుడి మాట కూలి లెక్కలో కలపలేదు. మరి మీరు? మీది తలకిందులు. ముందు కాగితంలో పేరు, తర్వాత కరపత్రం, తర్వాత కూటం. పని లేదు, కూలి లేదు, పిండి మాట అసలే లేదు. కాలవ తవ్వించే శక్తి మీకు లేదు, సరే. పిండి జబ్బుకు చట్టముందిగా? మొన్న యూనియనాయన ఒకడు చెప్పాడు.

అల్లుడు: ఉంది. గనుల్లో, ఫ్యాక్టరీల్లో చేసేవాళ్లకు ఈ జబ్బు వస్తే పై అధికారులకు తెలపాల్సిందే. కార్మికుల పరిహారానికి పెట్టిన వృత్తి జబ్బుల పట్టీలో కూడా సిలికోసిస్ ఉంది. కానీ ఫలానా చోట పనిచేశాడని రుజువు కావాలి. మన వాళ్లకు హాజరు పుస్తకం లేదు, పేస్లిప్ లేదు.

మామ: చూశావా. దొంగలని అనుకున్నన్నాళ్లు రోజూ హాజరు పిలిచారు. పని చేసిన రోజులకు హాజరు లేదు.

నా మొగ్గు ఇక్కడ మామ వైపు. క్లౌ కథను ఇప్పటి సువార్త సభల్లో 2,222 అనే అంకెతోనే చెప్తారు. ఆ అంకెకు ముందున్న పదిహేను నెలల నిరాకరణను అంత గట్టిగా చెప్పగా నేను వినలేదు. అయితే మామ కూడా ఎదుర్కోవాల్సిన ప్రశ్న ఒకటుంది. అల్లుడు అక్కడికి రావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

అల్లుడు: ఇంకో సంగతి కూడా విను. ఒంగోలులో మొదట్లో బ్రాహ్మలు, కోమట్లు క్లౌ బడికి పిల్లల్ని పంపేవాళ్లు. మాదిగల్ని చేర్చుకుంటే మా పిల్లల్ని తీసేస్తాం అన్నారు. ఆయన మాదిగల్నే ఉంచుకున్నాడు. వాళ్లు తీసేశారు.

మామ: మంచిదే. మరి మీ బృందమేందిరా, మన వడ్డెపాలెంలో వేరే కూటం పెడతామంటుంది? ఎస్సీల పల్లెలో చర్చి గుడి ఉందిగా? కంభంలో 1882 నుంచి, మార్కాపురంలో 1895 నుంచి మిషన్ ఉందని నువ్వే చెప్పావు. నూరేళ్లు దాటిన సంఘాన్ని పక్కన పెట్టి, మనకు వేరే అరుగెందుకు?

అల్లుడు: ట్రైనింగులో చెప్పారు. డొనాల్డ్ మెక్‌గావ్రన్ అని, మన దేశంలోనే పుట్టిన అమెరికా మిషనరీ, 1955లో పుస్తకం రాశాడు. మనుషులు తమవాళ్లను వదిలి ఒంటరిగా రారు, కులం మొత్తంగా కదిలితే వస్తారు, కాబట్టి కులం గోడ దాటమని ముందే అడక్కూడదు అని ఆయన లెక్క.

మామ: అంటే మాలలకో గుడి, మాదిగలకో గుడి, వడ్డెలకో గుడి. ఇప్పటికే గిద్దలూరు, నంద్యాల వైపు ఇంగ్లీషోళ్ల ఎస్.పి.జి. మిషన్ పెట్టిన సంఘాల్లో మాలలు ఎక్కువ, ఇటు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ. పెళ్లిళ్లకు ఒకరినొకరు పిలుచుకోరు. ఇంకొక గోడ కట్టడానికి మనం రాళ్లు మొయ్యాలా? ఈ పని మా ఊరి పెద్దలు మీకంటే ముందే చేసిపెట్టారుగా.

అల్లుడు: (కాసేపు ఆగి) నాకూ అది నచ్చలేదు మామా. అడిగా కూడా. ముందు రానివ్వండి, తర్వాత కలుపుదాం అన్నారు. కానీ ఒక్కటి నువ్వు చెప్పు. ఆ కూటం పల్లె గుడిలో పెడితే నువ్వొస్తావా? మొన్న నేను పల్లెలో అన్నం తిన్నానని తెలిసి, చెంబు బయటపెట్టింది ఎవరు? గనిలో వాళ్లూ మనం ఒకే పిండి పీలుస్తాం. ఇంటికొచ్చాక మాత్రం మనం వాళ్లకంటే పైన. మెక్‌గావ్రన్ గోడ కట్టలేదు మామా. నీ గోడ చూసి, దాని పక్కన నిచ్చెన వేశాడంతే.

మామ: చెంబు పెట్టింది మీ అత్త.

అల్లుడు: నువ్వు చూస్తా కూచున్నావు.

మామ: కూచున్నా.

అల్లుడు: ఇంకోటి, రేపు మన కులాన్ని ఎస్టీలో కలిపితే మతం మారినోళ్లకు రాదేమోనని కూడా నీకు అనుమానం కదా. అది వట్టి భయం. 1950 నాటి ఉత్తర్వులో మతం షరతు ఎస్సీలకే పెట్టారు, ఎస్టీలకు లేదు. పల్లెవాళ్లు గుడికి పోతూ కాగితంలో హిందువులని రాసుకునేది ఆ షరతు వల్లే. వాళ్లకు దేవుడి కోసం కాగితం పోద్ది. మనకు పోయేది చెంబు ఒక్కటే.

మామ: నోరు బాగా లేచింది నీకు. సరే. నా అరుగు మీద శుక్రవారం కూటం పెడదామని అడిగావుగా. పెట్టుకో. కానీ మన వాళ్లకు మాత్రమే అంటే కుదరదు. పల్లెలో ముగ్గురున్నారు, మీ చిన్నమామతో పాటు రంపం మీద చేసినోళ్లు. వాళ్లనూ పిలువు, వాళ్ల పాస్టర్నీ పిలువు. అందరూ ఎక్స్‌రేలు తెచ్చుకోవాల. ఎవరు ఏ ఏడు ఏ గనిలో చేశారో ఒకరికొకరు సాక్ష్యం చెప్పాల, నువ్వు రాయాల. మీ గుడిలో సాక్ష్యాలు చెప్పించడం నీకు అలవాటేగా.

అల్లుడు: పల్లెవాళ్లు అరుగెక్కితే అత్త ఒప్పుకుంటుందా?

మామ: అత్త సంగతి నేను చూసుకుంటా. కోడికూర సంగతి నువ్వు చూసుకో. ఇంకోటి, ఆ అరుగు మీద బాప్తిస్మం మాట ఎత్తకూడదు.

అల్లుడు: ఎన్నాళ్లు?

మామ: పదిహేను నెలలు అన్నావుగా, ఆ దొర.

అల్లుడు: ప్రార్థనన్నా చేసుకోనిస్తావా?

మామ: అర్జీలు రాయడం అయ్యాక. వచ్చేటప్పుడు ఎక్స్‌రే రిపోర్టులకు రెండేసి జిరాక్సులు తీయించుకు రా. డబ్బులు నేనిస్తా.